మంగు క్రీము మానేశాక నెలల తరబడి మంట: నా అనుభవం

మంగు మచ్చలకని మెడికల్ షాపులో చీటీ అడగకుండా చేతిలో పెట్టిన ట్యూబు నుంచి బయటపడ్డాను. ముఖం ఇప్పుడిప్పుడే చల్లబడింది. ఇదే మంటలో ఉన్న ఆడవాళ్లకి పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

ముందు ట్యూబు తిప్పి సన్న అక్షరాలు చదవండి. హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం అని ఉంటే ఆ మూడోది స్టెరాయిడ్. బెటామెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ కూడా ఆ జాతివే. ఇలాంటి పూత మందుల్ని కేంద్రం 2018 మార్చిలో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా పెళ్ళిచూపులున్నాయని చెబితే చాలు, "వారంలో రంగు తేలుతుందమ్మా" అని ఇచ్చేస్తున్నారు. ఆ షాపువాళ్ల మీద కోపం నాకింకా పోలేదు.

చర్మ డాక్టర్ని కలవండి. ట్యూబు వెంట తీసుకెళ్లండి, ఎంతకాలం రాశారో, రోజుకెన్నిసార్లో దాచకుండా చెప్పండి.

అసలు నరకం మానేశాకే. స్టెరాయిడ్ రాసినన్నాళ్లూ ముఖంలోని సన్న రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి, పైపొర పలచబడుతూ ఉంటుంది. ఆపగానే నాళాలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. కొద్దిరోజుల్లోనే బుగ్గలు ఎర్రగా కాలిపోతాయి, నోటి చుట్టూ చీము పొక్కులు లేస్తాయి, పొట్టు రాలుతుంది. పొయ్యి సెగ తగిలితే మంట, ఎండలో రెండడుగులు వేస్తే మంట. పేరంటంలో ఒకావిడ నాకు బొట్టు పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, "ఏమన్నా అంటుకునేదా అమ్మా?" అని అందరి ముందూ అడిగింది. మీకూ అడుగుతారు. "స్టెరాయిడ్ క్రీము మానేశాను, అందుకే ఇలా ఉంది, అంటుకోదు" అని గట్టిగానే చెప్పండి.

ఇంట్లోవాళ్లు "మళ్లీ కాస్త రాసుకో, తగ్గిపోతుంది" అంటారు. నిజంగానే తగ్గుతుంది, ఉచ్చు అదే. నాళాలు మళ్లీ ముడుచుకుంటాయి, చర్మం ఇంకాస్త పలచబడుతుంది, తర్వాత ఆపినప్పుడు మంట ఇంకా పెరుగుతుంది. చాలాకాలం గట్టి స్టెరాయిడ్ వాడినవాళ్లకి డాక్టర్లు కొన్నాళ్లు తేలికపాటి హైడ్రోకార్టిసోన్‌కి మార్చి మెల్లగా ఆపిస్తారు. అది డాక్టరు చెయ్యాల్సిన పని, మీరు లెక్కలు వేసుకోవద్దు.

మంట రోజుల్లో చేసింది ఇది. పలచటి నూలు గుడ్డని చల్లటి నీళ్లలో ముంచి, పిండి, పది నిమిషాలు ముఖం మీద పరచాలి. ఐసు ముక్క నేరుగా పెట్టకూడదు. తీశాక తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ పలచగా అద్దాలి, రుద్దకూడదు. రాత్రి ఒక్కసారి నురగ రాని క్లెన్సర్, పొద్దున వట్టి నీళ్లు. శనగపిండి, పసుపు, నిమ్మరసం, ముల్తానీ మట్టి, ఆవిరి అన్నీ బంద్. దుకాణంలో దొరికే రంగు కలబంద జెల్ కూడా వద్దు, అందులోని సెంటు భగ్గుమనిపిస్తుంది.

మందుల్లో నాకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర 100 మిల్లీగ్రాములు, స్టెరాయిడ్ కాని పూత మందు టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ రాశారు. డాక్సీసైక్లిన్ అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండు పడుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలతో, పాలతో కలిపి వేస్తే ఒంటికి సరిగా పట్టదు. గర్భిణులు వాడకూడదు. దీనితో ఎండకి చర్మం ఇంకా త్వరగా కమిలిపోతుంది, గొడుగు తప్పనిసరి. టాక్రోలిమస్ మొదటి రోజుల్లో అదే మంట పెడుతుంది, మందు పడలేదని భయపడి మానేసేది చాలామంది ఇక్కడే. ట్యూబు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి రాస్తే ఓర్చుకోవచ్చు.

స్టెరాయిడ్ వల్ల గడ్డం మీద నూగు మొలిస్తే వ్యాక్స్ చేయించొద్దు, పలచబడ్డ చర్మం దాంతోపాటే ఊడొస్తుంది. చిన్న కత్తెరతో కత్తిరించుకోండి, నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది. పార్లర్‌లో "బ్లీచ్ పెడితే కనపడదు" అంటారు, ఒప్పుకోకండి. బుగ్గల మీద ఎర్ర దారాల్లా తేలిన నాళాలు మాత్రం అందరికీ పూర్తిగా పోవు, వాటికి లేజర్ ఉంది.

2020లో పెళ్లి సంబంధాల సైటు షాదీ డాట్ కామ్ చర్మం రంగుతో వెతికే వీలు తీసేసింది. అదే ఏడాది ఫెయిర్ అండ్ లవ్లీ పేరు కూడా గ్లో అండ్ లవ్లీ అయింది. మన ఇళ్లలో మాత్రం చామనఛాయ పిల్ల ఫొటోకి ఇంకా ఫిల్టర్ వేసే పంపుతున్నారు. ఆడపిల్లల తల్లులూ, ఆ ఫొటో చూసి పిల్ల ఏం కొనుక్కుని రాసుకుంటుందో ఒకసారి ఆమె గదిలో చూడండి.

మంగు తిరిగి కనిపిస్తుంది, దానికి సిద్ధపడండి. మంట పూర్తిగా చల్లారాకే దాని వైద్యం. అప్పటిదాకా సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవునా తీసుకుని ముఖానికీ మెడకీ రాయండి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. జింక్ ఆక్సైడ్ ఉన్నది తక్కువ మండుతుంది. మంగుని మామూలు వెలుతురు కూడా ముదరబెడుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ అడిగి తీసుకోండి.