ఆకుపచ్చ లైటు వెలిగినా అపశ్రుతే

నా పెడల్ స్టీల్ గిటారు పది తీగలూ ఒక్కొక్కటే మీటాను. ప్రతి తీగకీ, శ్రుతి కొలిచే ట్యూనర్ ముల్లు నడిమధ్యకి వచ్చి నిలబడింది, ఆకుపచ్చ లైటు వెలిగింది. హమ్మయ్య అనుకుని మూడు తీగలు కలిపి మీటేసరికి చెవిలో గరగరమంది. ముఖ్యంగా గాంధారం. పైకి లేచి, బిగుసుకుపోయి, పక్క తీగలతో కలవనంటోంది.

మూడేళ్ళ కిందటి మాట ఇది. డాలస్ పక్కన మా ఊళ్ళో ఒకాయన దగ్గర పాత పెడల్ స్టీల్ గిటారు కొన్నాను. ఈ వాద్యం చూడనివాళ్ళకి గోటువాద్యం గుర్తుచేస్తే సగం అర్థమవుతుంది. మెట్ల మీద వేళ్ళతో నొక్కడం ఉండదు, తీగల మీద బరువైన స్టీలు కడ్డీ జరుపుతూ వాయించాలి. మిగతా సగం కాళ్ళ పని. నాలుగు కాళ్ళ బల్లలా నిలబడే ఆ గిటారు కింద మూడు పెడళ్ళు, మోకాళ్ళతో నెట్టే నాలుగు లివర్లు ఉంటాయి. పెడల్ తొక్కితే ఫలానా తీగ మాత్రం స్వరం మారుతుంది, పక్క తీగ కదలదు. 1954లో బడ్ ఐజాక్స్ అనే స్టీల్ వాద్యకారుడు తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని సాగదీసి వినిపించాక అమెరికా కంట్రీ సంగీతమంతా ఆ సాగుడు వెంట పడింది. నేనూ అలాగే పడ్డాను.

గిటారులో లోపముందేమోననుకున్నాను. తీగలు పాతబడ్డాయేమోనని కొత్త సెట్టు ఎక్కిస్తే అన్నిటికన్నా సన్నటి మూడో తీగ, 0.011 అంగుళం మందం, చేతిలోనే తెగింది. ఇంకోటి వేసి మళ్ళీ అన్నీ ఆకుపచ్చకి తెచ్చాను. మళ్ళీ అదే గరగర.

చివరికి నాకు పాఠం చెప్పే పెద్దాయన దగ్గరికి మోసుకెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచి డాన్స్ హాళ్ళలో స్టీల్ వాయిస్తున్నాడు. రెండు నిమిషాలు విని, ట్యూనర్ ఆపేశాడు.

"ఎనిమిదో తీగ, ఆరో తీగ కలిపి మీటు. ఏం వినిపిస్తోంది?"

"వణుకుతోంది సర్."

"ఆ వణుకు ఆగేదాకా ఆరో తీగ దించు."

ఇ9 అనే ఈ శ్రుతిలో ఎనిమిదో తీగ ఇ, ఆరో తీగ జీ షార్ప్. మన లెక్కలో ఇ షడ్జమైతే జీ షార్ప్ అంతర గాంధారం. రెండూ కలిపి మీటితే శబ్దం సెకనుకి ఆరేడు సార్లు ఉబ్బి తగ్గుతోంది, వావ్-వావ్-వావ్ అని. బిరడా కొద్దికొద్దిగా తిప్పాను. ఆ ఊపు నెమ్మదించింది. సెకనుకి మూడు, తర్వాత ఒకటి, తర్వాత ఒక్క ఊపుకే రెండు మూడు సెకన్లు. ఒక చోట పూర్తిగా ఆగిపోయింది. రెండు తీగలు ఒకే గొంతుతో పలికాయి. ఆ గాంధారం నేనెరిగినదే.

చిన్నప్పుడు కాకినాడలో మా పిన్ని దగ్గర వీణ నేర్చుకున్నాను. పాఠానికి ముందు తంబురా శ్రుతి చేయడానికే పావుగంట పట్టేది. "గాంధారం వినబడుతోందా?" అని అడిగేది పిన్ని. తంబురాకి గాంధారం తీగంటూ ఉండదు. మంద్ర షడ్జం తీగ బాగా కుదిరితే దానిలోంచే అంతర గాంధారం పలుకుతుంది. వినబడేదాకా పాఠం మొదలయ్యేది కాదు. డాలస్‌లో ఆ పెద్దాయన గరాజ్‌లో నేను పట్టుకున్నది సరిగ్గా ఆ గాంధారాన్నే.

అప్పుడు ట్యూనర్ పెట్టి చూపించాడు. ముల్లు మధ్యకి ఎడమవైపున 14 సెంట్ల దగ్గర ఆగి ఉంది. ఎర్ర లైటు.

ట్యూనర్ తప్పేం కాదు. అది స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి, ఒక్కో భాగానికి 100 సెంట్లు లెక్కగడుతుంది. పియానోకి అలా కుదరాలి. ఆ లెక్కలో గాంధారం 400 సెంట్ల దగ్గరుంటే, తీగలోంచి సహజంగా పలికే గాంధారం 386 దగ్గరుంటుంది. మామూలు గిటారులో స్వరం చటుక్కున మీటి వదిలేస్తాం కాబట్టి ఆ తేడా అంతగా తెలియదు. స్టీల్‌లో స్వరం సెకన్ల తరబడి సాగుతుంది, కాలి కింద వాల్యూమ్ పెడల్‌తో ఇంకా సాగదీస్తాం. ఇక్కడ 14 సెంట్లు దాగవు.

అక్కడి నుంచి అసలు పని మొదలైంది. ముందు ఏ పెడలూ తొక్కకుండా తీగలన్నీ బిరడాల దగ్గర సరిచేయాలి. తర్వాత పెడల్ తొక్కిపట్టి, కుడివైపు చివర వరసగా ఉండే చిన్న నైలాన్ నట్లు తిప్పుతూ, పెరిగిన స్వరాన్ని సరిచేయాలి. కాలు పెడల్ మీద, కుడి చేతిలో నట్లు తిప్పే చిన్న రెంచీ, ఎడమ చేత్తో తీగ మీటడం. నట్టు ఎనిమిదో వంతు తిప్పితే చాలు, స్వరం ఎక్కడికో పోతుంది. ఈ వరస తప్పితే చేసిందంతా వృథా, ఎందుకంటే బిరడా మళ్ళీ ముట్టుకుంటే ఆ తీగకున్న పెడల్ స్వరాలు కూడా కదిలిపోతాయి. ట్యూన్ చేసే ముందు ప్రతి పెడల్ నాలుగైదుసార్లు గట్టిగా తొక్కి వదలమని ఆయన పదేపదే చెప్పేవాడు. తీగ సర్దుకోకుండా చేసిన శ్రుతి మొదటి పాటలోనే జారిపోతుంది.

ఎ పెడల్ తొక్కితే ఐదో తీగ బి నుంచి సీ షార్ప్‌కి పెరుగుతుంది. బి పెడల్ జీ షార్ప్‌ని ఎ చేస్తుంది. చెవికి కుదిరేలా పెట్టి చూస్తే ముల్లు సీ షార్ప్‌కి 16 సెంట్లు కింద, ఎ కి 2 కింద చూపించింది. ఇ తీగల్ని ఎఫ్‌కి పెంచే ఎఫ్ లివర్ దగ్గర మాత్రం గుండె ఝల్లుమంది. ఎ పెడల్‌తో కలిపి శుద్ధంగా పెడితే ఆ ఎఫ్ ఏకంగా 30 సెంట్లు కిందకి వెళ్ళింది. ట్యూనర్ చూస్తే అది అపస్వరం. కళ్ళు మూసుకుని వింటే అంత తీయటి మేళవింపు ఇంకోటి లేదు.

పెడళ్ళు రెండూ తొక్కినప్పుడు గిటారు చట్రమే కొంచెం వంగి, ముట్టుకోని ఇ తీగలు కూడా దిగిపోతాయి. నా గిటారులో 4 సెంట్లు. అందుకని ట్యూనర్ ఆధారాన్ని, అంటే ఎ స్వరానికి సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే అంకెని, 440 నుంచి 441 హెర్ట్జ్‌కి మార్చాం, అది దాదాపు 4 సెంట్లు. జెఫ్ న్యూమన్ అనే స్టీల్ గురువు తన విద్యార్థులకిచ్చిన పట్టికలో ఇ తీగలు 442.5 దగ్గర, జీ షార్ప్ 439 దగ్గర ఉంటాయి. ఒకే గిటారుకి తీగకో హెర్ట్జ్ ఎందుకో అప్పటిదాకా నాకు బోధపడలేదు.

ఏడో తీగ, ఎఫ్ షార్ప్, నన్ను రెండు వారాలు ఏడిపించింది. బి తీగతో పంచమంగా కలిపితే మధ్యకి 4 సెంట్లు పైన కావాలి. పెడళ్ళు తొక్కి ఎ తో కలిపితే 18 కింద కావాలి. ఒకే తీగ, మధ్యలో 22 సెంట్ల దూరం. మన గ్రంథాల్లో దీన్ని ప్రమాణ శ్రుతి అంటారు. చతుశ్శ్రుతి రిషభానికీ త్రిశ్రుతి రిషభానికీ మధ్య తేడా అదే. పిన్ని నోట ఇరవై రెండు శ్రుతుల లెక్క విన్నాను గానీ, అది ఒక ఇనప తీగ మీద ఇలా ఎదురుపడి నిలదీస్తుందని అనుకోలేదు. కొన్ని గిటార్లకి పెడల్ తొక్కగానే ఏడో తీగని కాస్త దించే అదనపు కడ్డీ పెడతారు. నా దానికి లేదు.

ఇప్పుడు కొత్త తీగలు వేసినప్పుడల్లా మొదట చెవితోనే పెడతాను. కుదిరాక ట్యూనర్ చూసి, ముల్లు ఎక్కడుందో అట్టముక్క మీద రాసుకుంటాను. వేదిక మీద డ్రమ్స్ మోగుతుంటే చెవితో పెట్టడం కుదరదు, అప్పుడు ఆ అంకెలే దిక్కు. పియానో ఉన్న బృందంతో వాయించే రోజున జీ షార్ప్‌ని 14కి బదులు 8 సెంట్లు కింద ఆపుతాను, లేకపోతే పియానో గాంధారంతో తగాదా వస్తుంది. ఏడో తీగ 7 కింద పెట్టాను, అటూ కాదు, ఇటూ కాదు. ఒకటో తీగ కూడా ఎఫ్ షార్పే, దాన్ని మాత్రం 4 పైనే ఉంచేశాను.