ముస్తఫా పెట్టె మీది గీతలు

అన్న సాయంత్రం ఒంగోలు బస్సెక్కి వెళ్లిపోయాడు. పోతూ పోతూ అన్న మాట మాత్రం నాకింకా మింగుడు పడలేదు. "ఎందుకుమే ఆ గీతలన్నీ పోగొడతావు? అవి మా గుర్తులు. ఉండనీ."

మా గుర్తులంట!

పెట్టె అంటే ఒకప్పుడు షాపుల్లో రూపాయి బిళ్ల వేసి నిలబడి ఆడే వీడియో గేమ్ మిషను. మా ఆయన పాతదొకటి తెచ్చి హాల్లో పెట్టిన రోజు నేను పెద్ద రభసే చేశాను. తీరా దాన్ని బాగుచేసే పని నా నెత్తినే పడింది. స్క్రీను వెలుగుతోంది, బటన్లు పలుకుతున్నాయి. మిగిలింది గీతలు పడిన యాక్రిలిక్ షీట్లే, అంటే అద్దంలా ఉండే ప్లాస్టిక్ పలకలు. స్క్రీను ముందుది ఒకటి, బటన్ల చుట్టూ పరిచింది ఒకటి, పైన ట్యూబులైటు ముందుండే పేరు బోర్డు ఒకటి.

ఇవాళ స్క్రీను ముందుది విప్పి పెరట్లో వేసుకున్నాను. ముందు సబ్బునీళ్లతో కడగాలి. పొడిగుడ్డతో తుడిస్తే ఉన్న దుమ్మే కొత్త గీతలు పెడుతుంది. తర్వాత గోరుతో గీసి చూడాలి. గోరు ఆగని గీత పాలిష్‌తో పోతుంది. ఆగితే మాత్రం వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం పట్టాల్సిందే. ఆటోనగర్‌లో కార్లకు పెయింట్ కొట్టేవాళ్లు వాడేదే. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది, 800తో మొదలుపెట్టి 1000, 1500, 2000 దాకా నీళ్లు పోస్తూ రుద్దాలి. ఒక నంబరుతో అడ్డంగా రుద్దితే తర్వాతి దానితో నిలువుగా, అప్పుడే వెనకటి కాగితం చారలు పోయాయో లేదో తెలుస్తుంది. గీత ఉన్నచోటే పట్టుకుని రుద్దితే అక్కడ గుంట పడి బొమ్మ వంకరగా కనిపిస్తుంది కాబట్టి చుట్టూ వెడల్పుగా పోవాలి. సగం పనిలో షీటంతా మంచు కమ్మినట్టు తెల్లబడిపోతుంది. అది మామూలే, చివర్లో పాలిష్ పెడితే తేటపడుతుంది.

సరిగ్గా ఆ తెల్లబడిన టైముకే అన్న కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"నాశనం చేశావు గదామే!"

ఇక సలహాలు మొదలు. టూత్‌పేస్ట్ చాలంట. సరే, పైపై గీతలకు అది కొంచెం పని చేస్తుంది, కాదనను. ఆ తర్వాత స్పిరిట్ పెట్టి తుడవమన్నాడు. స్పిరిట్, థిన్నరు, అమ్మోనియా కలిసిన గ్లాస్ క్లీనర్లు, వీటిలో ఏది తగిలినా యాక్రిలిక్‌లో సన్నసన్నటి పగుళ్లు వస్తాయి. బోల్టు బిగించిన చిల్లుల దగ్గరైతే మరీను. అవి లోపలికి దిగిన పగుళ్లు, పైన ఎంత రుద్దినా పోవు. చెప్పాను. వినలేదు. డ్రిల్లు మిషనుకు బఫ్, అదే పాలిష్ పట్టే మెత్తటి చక్రం, తగిలించమన్నాడు. ఒకేచోట ఆపితే ఆ వేడికి షీటు కరిగి మసకబారుతుంది అన్నాను. తన కారు హెడ్‌లైటు అట్లానే చేయించానన్నాడు. అది పాలీకార్బొనేట్ అన్నా, ఇది వేరు అంటే, "రెండూ ప్లాస్టిక్కే గదా" అని కాఫీ తాగేశాడు. చేసే పనిలో చెయ్యి పెట్టని మనిషికి అన్ని సలహాలు ఎక్కడినుంచి వస్తాయో!

ఇంతా చేసి "మా గుర్తులు". అసలు ఈ పెట్టె కావలి షాపుదో కాదో కూడా తెలీదు.

కావలిలో ట్రంకు రోడ్డు పక్క సందులో ఉండేది ఆ వీడియో గేమ్స్ షాపు. అక్కడా, ఈ పెట్టెలోనూ ఉన్న ఆట క్యాప్‌కామ్ అనే గేముల కంపెనీ 1993లో తీసింది, అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. ఆ పేరు పలికినవాణ్ణి నేను చూడలేదు. అందులో వేగంగా ఎగిరి తన్నే ముస్తఫా అనేవాడుంటాడు, పిలకాయలు ఆటకే వాడి పేరు పెట్టేశారు. అమ్మ మా ఇద్దరినీ కిరసనాయిలుకు పంపేది. అన్న డబ్బా నా చేతికిచ్చి, "ఆడపిల్లలు రాగూడదు, గమ్మున ఇక్కడే ఉండు" అని కర్టెన్ లోపలికి దూరేవాడు. కర్టెన్ కింద జానెడు సందు. అందులోంచి నాకు కనిపించేవి చెప్పులే. బటన్లు దబదబా బాదే చప్పుడు, బిళ్ల పడిన చప్పుడు, అరుపులు. అన్న నీలం చెప్పులు మునివేళ్ల మీదికి లేచాయంటే పెద్ద విలన్ వచ్చాడని లెక్క. చెప్పులు నేలకు ఆనాయంటే చచ్చాడు, ఇక ఇంటికి పోవచ్చు. నాకు తెలిసిన ముస్తఫా అంతే.

స్క్రీను కింది అంచున గుత్తులుగా ఉన్న గీతలు బిళ్లలవి. "తర్వాతి ఆట నాది" అని రూపాయి బిళ్ల అక్కడ పెట్టి, జరిపి, మళ్లీ జరిపి. అందులో నా బిళ్ల ఒక్కటీ లేదు. ఎవరి గుర్తులని ఉంచాలి నేను?

అన్నట్టు, అన్నను ఊరికే ఆడిపోసుకోకూడదు. ఓ మధ్యాహ్నం షాపాయన భోజనానికి పోతే నన్ను లోపలికి పిలిచి స్టూలు ఎక్కించాడు. హ్యాండిల్ ఇవ్వలేదనుకోండి, ఒక్క గుద్దే బటన్ ఇచ్చాడు. వేలు నొప్పి పుట్టేదాకా కొట్టాను. భలే ఉండింది.

పైగా ఇవాళ చెప్పినవాటిలో ఒకటి నిజమే. బటన్ల చుట్టూ ఉన్న షీటు కొత్తది కోయించమన్నాడు. దాని మీద బొమ్మ లేదు, బొమ్మ కాగితం కింద విడిగా ఉంది. చిల్లుల చుట్టూ ఎటూ పగుళ్లు వచ్చేశాయి, దాన్ని రుద్దడం దండగ. పేరు బోర్డు అట్లా కాదు. దాని అక్షరాలు షీటు వెనకవైపే అచ్చయి ఉన్నాయి, పారేస్తే మళ్లీ రాదు. ముందువైపు మాత్రమే పాలిష్ చేయాలి, వెనక తడిగుడ్డ కూడా తగలనివ్వకూడదు. కాబట్టి అది కొత్తది, ఇవి రెండూ పాతవే. ఈ మాట ఫోన్ చేసి చెప్తే "చూశావా, నేను చెప్పలా" అంటాడు. చెప్పను.

బిళ్లల గీతల్లో రెండు మూడు 800కి లొంగేట్టు లేవు, 600 కావాలి. మా ఆయన్ని పంపితే 60 నంబరు పట్టుకొస్తాడు. రేపు నేనే పోవాలి.