చేయి తిరగడం

మా ఇంటి అరుగు మీద సాయంత్రం పూట నలుగురైదుగురు పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతూ ఉంటాను. ముప్పై ఏళ్ళకు పైగా కోనసీమ పల్లెల్లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందిన తరువాత కూడా ఆ అలవాటు నన్ను వదలలేదు. కిందటి వేసవిలో, కాలువలు కట్టేసి మురుగు కోడుల్లో కూడా నీళ్ళు అడుగంటిన రోజుల్లో, హైదరాబాదు నుంచి తాతగారింటికి వచ్చిన ఎనిమిదేళ్ళ అమ్మాయి ఒకతె ఆ పిల్లలతో పాటు వచ్చి కూర్చుంది. అక్షరాలన్నీ తనకు వచ్చునని చెప్పింది. ట్యాబ్‌లో నేర్చుకుందట. నేను ఒక అక్షరం పేరు చెబితే, తెర మీద నాలుగు అక్షరాల్లో సరైనదాన్ని తడుముకోకుండా వేలితో తాకి చూపించింది. ఆ తరువాత పలక ఇచ్చి 'ధ' రాయమన్నాను. బలపం పలకకు ఆనించి కొంతసేపు అలాగే ఉండిపోయి, చివరకు తలెత్తి, "తెలుసు మాస్టారూ, చెయ్యి తిరగట్లేదు" అంది.

ఆ మాట ఆమె తాతగారి నోట విని ఉంటుంది. మన వాళ్ళు ఎవరైనా ఒక పనిలో ఆరితేరితే 'చేయి తిరిగిన వాడు' అంటారు. వంటకూ అంటారు, రచనకూ అంటారు, మంగళగిరి మగ్గానికైనా నరసాపురం లేసుకైనా అదే మాట. విద్య బుర్రలో ఉంటుందని అందరికీ తెలిసినా, దాన్ని కొలిచే చోటు మాత్రం చేయి అని మన భాష ఎప్పుడో నిర్ణయించుకుంది. ఈ మాటలో ఉన్నది అలంకారం మాత్రమే కాదని, మెదడు పనిచేసే తీరు కూడా ఉన్నదని నాకు బాగా ఆలస్యంగా, ఉద్యోగం చివరి సంవత్సరాల్లో, తెలిసింది.

'ద' కింద చిన్న గీత పెడితే 'ధ' అవుతుంది, ఆ 'ధ' కడుపులో చుక్క పెడితే 'థ' అవుతుంది. 'ప' లోపల ఒక గీత అడ్డుపడితే 'ష' అవుతుంది. కంటికి ఇవన్నీ ఒకే కుటుంబంలోని అన్నదమ్ముల్లా కనిపిస్తాయి కాబట్టి, చూసి మాత్రమే నేర్చుకున్న పిల్లలు వీటి దగ్గర తడబడతారు. చేత్తో రాసినప్పుడు అలా కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి, తలకట్టు ఎప్పుడు వేయాలి అనే దారి ప్రతి అక్షరానికీ వేరుగా ఉంటుంది. ఆ దారిని చేతి కండరాలు, వేళ్ళ కొసల స్పర్శ, కన్ను మూడూ ఒకే క్షణంలో మెదడుకు తెలియజేస్తాయి. కీబోర్డు మీద మీట నొక్కేటప్పుడు 'క'కైనా 'హ'కైనా వేలు చేసే పని ఒక్కటే, తేడా మీట ఉన్న చోటులో మాత్రమే. రాతకు మెదడులో ప్రత్యేకమైన స్థానం ఉండవచ్చునని 1881లోనే సిగ్మండ్ ఎక్స్‌నర్ అనే వైద్యశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఎడమ ముందుభాగంలో, చేతి కదలికలను నడిపించే ప్రాంతానికి దగ్గరగా ఉన్న ఆ చోటును నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఫ్రాన్సులో మరీకే లాంగ్‌కాంప్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో, మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల్లో కొందరికి అక్షరాలను చేత్తో రాయించి, మరికొందరికి మీటలు నొక్కించి నేర్పారు. పిల్లల్లో కాస్త పెద్దవాళ్ళ విషయంలో, చేత్తో రాసినవాళ్ళే తరువాత ఆ అక్షరాలను బాగా గుర్తుపట్టారు. నా మీద ఎక్కువ ప్రభావం చూపింది మాత్రం అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కారిన్ జేమ్స్ 2012లో ప్రచురించిన ప్రయోగం. ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లలకు అక్షరాలను మూడు విధాలుగా నేర్పారు. కొన్నింటిని తమంతట తాము రాశారు, కొన్నింటిని చుక్కల మీద దిద్దారు, కొన్నింటిని మీట నొక్కి తెప్పించారు. తరువాత ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి ఆ అక్షరాలనే చూపించినప్పుడు, పెద్దవాళ్ళు చదివేటప్పుడు పనిచేసే మెదడు ప్రాంతాలు తమంతట తాము రాసిన అక్షరాలకే స్పష్టంగా స్పందించాయి. దిద్దినదానికి ఆ ఫలితం రాలేదు. వంకరటింకరగా, ఒకసారి పొట్టిగా, మరొకసారి పొడుగ్గా రాసుకున్న అక్షరాలన్నింటినీ చూస్తూ, వాటన్నిటిలో మారకుండా ఉన్నదేమిటో పిల్లల మెదడు పట్టుకుంటుందని ఆమె వివరణ.

ఇది చదివిన రోజు నేను చాలాసేపు స్థిమితంగా ఉండలేకపోయాను. ఎందుకంటే మన పద్ధతికి ఆధారమే దిద్దడం. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకుని పెద్దవాళ్ళు ఓనమాలు దిద్దిస్తారు. ఆ తరువాత బడిలో పంతులు పలక మీద రాసిచ్చిన అక్షరం మీదే బలపం అరిగేదాకా దిద్దిస్తారు. నేనూ అలా నేర్చుకున్నవాణ్ణే, వందల మంది పిల్లలకు అలా నేర్పినవాణ్ణే. పద్ధతి తప్పని నేను ఇప్పటికీ అనను, దారి తెలియని చేతికి ముందుగా దారి చూపాలి కదా. అయితే ఆ దారి చూపడం రెండు మూడు రోజుల్లో ముగియవలసిన పని. నేను నెలల తరబడి దిద్దిస్తూ, అక్షరం గుండ్రంగా రావడమే నేర్చుకోవడమని భావించాను. ఎవరి అక్షరం వంకరగా వస్తే వాళ్ళను మళ్ళీ దిద్దడానికి పంపాను. ఆ వంకరలోనే నేర్చుకోవడం జరుగుతోందని అప్పట్లో నాకు తెలియదు.

అందుకే ఇప్పుడు పద్ధతి మార్చుకున్నాను. గోదావరి గౌతమి పాయ నుంచి తెచ్చిన సన్నని ఇసుకను జల్లించి, వెడల్పాటి పళ్ళెంలో పోసి, అక్షరాన్ని ఒకసారి గాలిలో రాసి చూపించి చెరిపేసినట్లు చేయి ఊపుతాను. చూసి రాయడానికి ఎదుట ఏమీ ఉండదు. పిల్లలు గుర్తుంచుకున్నంత మేరకు ఇసుకలో రాస్తారు, చదును చేస్తారు, మళ్ళీ రాస్తారు. మా నాన్నగారు చదువుకున్న వీధిబడిలో నేల మీద ఇసుక పరిచి రాయించేవారని ఆయన చెబితే, పలకలు కొనలేని కాలమని జాలిపడ్డాను. ఇసుకకు ఒక గుణం ఉంది. అది వేలికి ఎదురొత్తుతుంది, గీసిన గీతను ఉంచుతుంది, అడిగిన వెంటనే చెరిగిపోతుంది. ఎనిమిదేళ్ళ ఆ అమ్మాయికి 'ధ', 'థ'ల తేడా చేతికి ఎక్కడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది.

పెద్దవాళ్ళ సంగతి కొంత చిక్కుతో కూడినది. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఆడ్రీ వాన్ డెర్ మీర్, రూడ్ వాన్ డెర్ వీల్ 2024లో ప్రచురించిన పరిశోధన గురించి మన పత్రికల్లో కూడా వచ్చింది. 36 మంది విద్యార్థుల తలకు 256 గ్రాహకాలున్న టోపీ తొడిగి, తెర మీద కనిపించిన పదాలను ఒకసారి డిజిటల్ కలంతో రాయమన్నారు, ఒకసారి టైపు చేయమన్నారు. రాసేటప్పుడు మెదడు మధ్యభాగానికీ, వెనుకవైపు పైభాగానికీ నడుమ విద్యుత్ తరంగాల పొందిక విస్తారంగా కనిపించింది. టైపు చేసేటప్పుడు అది కనిపించలేదు. ఇక్కడ కాగితం లేదు, సిరా లేదు, అద్దపు తెర మీద రాశారు. కాబట్టి మేలు కాగితంలో కాక కదలికలో ఉందని అనుకోవడానికి ఇది బలమైన ఆధారం. అయితే టైపు చేసినది ఒక్క చూపుడువేలితోనే అని, ఆ పదాలు తరువాత ఎంతవరకు గుర్తున్నాయో అందులో పరీక్షించలేదని కూడా చెప్పుకోవాలి. చేత్తో రాస్తే జ్ఞాపకశక్తి ఇన్ని రెట్లు పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటలకు ఈ పరిశోధన పూచీ పడదు. మంచి విషయాన్ని అబద్ధంతో బలపరచవలసిన అవసరం లేదు.

అలాగే అమెరికా పరిశోధకులు పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు. ఉపన్యాసం వింటూ ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకున్నవాళ్ళు మాటకు మాట దింపుకున్నారు. చేత్తో రాసినవాళ్ళకు అంత వేగం లేక, విన్నదాన్ని కుదించి, తమ మాటల్లోకి మార్చుకోవలసి వచ్చింది. భావాన్ని అడిగే ప్రశ్నలకు వీళ్ళే మెరుగ్గా జవాబులు రాశారు. ఆ తరువాత ఇతరులు అదే ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు మార్కుల్లో అంత తేడా రాలేదు కానీ, టైపు చేసేవాళ్ళు ఉన్నదున్నట్లు దింపుకుంటారన్న సంగతి మాత్రం మళ్ళీ కనిపించింది. నాకు ఇందులో ముఖ్యమైనది మార్కు కాదు, ఆ నిదానం. చేయి నెమ్మది కావడం వల్ల ఏది ఉంచాలో, ఏది వదలాలో మనసు తేల్చుకోక తప్పదు.

ఆ మాట ఒప్పుకుంటే మన కళాశాలల్లో జరిగేదాన్ని గురించి కూడా మాట్లాడాలి. ఇంటర్మీడియట్ చదివే మా మేనల్లుడు రోజుకు ఇరవై పేజీలు చేత్తోనే రాస్తాడు. అధ్యాపకులు నోట్సు చెబుతారు, వీళ్ళు ఒక్క పొల్లు కూడా వదలకుండా రాస్తారు. తప్పు జవాబు రాస్తే సరైన జవాబును పదిసార్లు రాసుకుని రమ్మంటారు. వాడి మధ్యవేలి మీద కాయ కాసింది. మొన్న రాసిన పాఠంలో ఏముందని అడిగితే పుస్తకం తెరవకుండా ఒక్క వాక్యం చెప్పలేకపోయాడు. తప్పు వాడిది కాదు. కలం పట్టుకున్నంత మాత్రాన మెదడు మేలుకుంటుందని ఏ పరిశోధనా చెప్పలేదు. ఉక్తలేఖనం వర్ణక్రమం నేర్పడానికి పుట్టింది, భౌతికశాస్త్రం నేర్పడానికి కాదు. ఇప్పుడు వాణ్ణి పాఠం చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది అరపేజీలో రాయమంటున్నాను. మొదటివారం వాడికి ఏడుపు వచ్చినంత పనైంది. ఇప్పుడు రాస్తున్నాడు.

కాగితానికి కూడా ఒక సొంత బలం ఉందని చెప్పే ప్రయోగం టోక్యో విశ్వవిద్యాలయంలో 2021లో వెలువడింది. 48 మంది యువతీయువకులు కొన్ని తేదీలనూ పనులనూ కాగితపు డైరీలోనో, ట్యాబ్‌లోనో, ఫోన్‌లోనో రాసుకున్నారు. కాగితం మీద రాసినవాళ్ళు సుమారు 11 నిమిషాల్లో ముగించారు, ట్యాబ్ వాళ్ళకు 14, ఫోన్ వాళ్ళకు 16 నిమిషాలు పట్టింది. ఒక గంట తరువాత ఆ వివరాలను అడిగినప్పుడు, కాగితం వాడినవాళ్ళలో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ ఎక్కువ చురుగ్గా కనిపించింది. పుటలో ఏ మూల రాశాం, పక్కన ఏముంది అనే ఆనవాళ్ళను మెదడు పట్టుకుంటుందని వాళ్ళు భావించారు.

దీన్ని నేను మా నాన్నగారి చిట్టా పుస్తకాల్లో చూశాను. సార్వాకు నారు పోసిన తేదీ, దాళ్వాకు నీరు వదిలిన తేదీ, కూలీల లెక్క, కొబ్బరికాయల దింపు అన్నీ ఆయన స్వహస్తంతో రాసుకున్నవే. చూపు మందగించిన తరువాత కూడా, ఫలానా ఏడు దింపు ఎంత అని అడిగితే, "ఎడం పక్క పేజీ, కింద చూడు" అనేవారు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ తోటలను నేలకూల్చిన తరువాత రాసిన పుటలో పడిన చెట్ల లెక్క ఉంది. సాధారణంగా ముత్యాల్లా ఉండే ఆయన అంకెలు ఆ ఒక్క పుటలో కాగితం చిరిగేటంత గట్టిగా నొక్కి ఉన్నాయి. నేను ఆ పుటను చేత్తో తడిమి చదువుతాను.

తెలుగువాళ్ళకు ఈ విషయంలో మరొక నష్టం కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. మనలో చాలామంది ఫోన్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతారు. తెర మీద తెలుగు వచ్చినా వేలు తాకింది తెలుగును కాదు. గుడి, కొమ్ము, ఏత్వం, వత్తు ఏదీ చేతికి తెలియకుండానే పదం పూర్తవుతుంది. చైనాలో కలం పట్టగానే అక్షరం మరిచిపోవడాన్ని చెప్పడానికి ఒక నానుడే ఏర్పడింది. అక్కడ వేల అక్షరాలు, మనకు యాభై పైచిలుకే కదా అని ధీమాగా ఉండేవాణ్ణి. మొన్న ఒక పెళ్ళిలో చదివింపుల పుస్తకం రాస్తున్న ఇంజనీరింగ్ చదివిన కుర్రవాడు 'జ్ఞ' దగ్గర ఆగి, ఫోన్‌లో కొట్టి చూసుకుని రాశాడు. అతని పక్కన కూర్చున్న నేను చూడనట్లే ఉన్నాను. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోని తాటాకు ప్రతులు గుర్తుకొచ్చాయి. ఆకు చీలకుండా ఉండాలని అడ్డగీతలు తగ్గించి గంటంతో గుండ్రంగా తిప్పడం వల్లే మన లిపికి ఈ వంపులు వచ్చాయని పెద్దలు చెబుతారు. చేయి తిరిగిన తీరే అక్షరమైంది.

కిందటి నెలలో హైదరాబాదు నుంచి నాకు ఒక పోస్టు కార్డు వచ్చింది. ఆ అమ్మాయే రాసింది. బడిలో కథల పోటీ పెట్టారని, తాను కోటిపల్లి రేవు దగ్గర పడవ ఎక్కిన రోజు గురించి రాశానని అందులో ఉంది. ముందు 'కధ' అని రాసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన 'కథ' అని రాసింది. కడుపులో చుక్కను బాల్‌పెన్నుతో అంత గట్టిగా పొడిచింది, కార్డు వెనక్కి తిప్పి వేలితో తడిమితే తగులుతోంది.