నింద పడింది కొలెస్ట్రాల్ బిళ్ల మీద

నాకు మూత్రాశయ క్యాన్సర్ అని తేలిన దగ్గర్నుంచి మా బంధువర్గంలో ముద్దాయి ఒకటే. గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి నేను రోజూ రాత్రి భోజనం అయ్యాక వేసుకునే అటోర్వాస్టాటిన్, స్టాటిన్ రకం కొలెస్ట్రాల్ మందు. ఫోన్లో పలకరించిన ప్రతివాళ్లూ "ఆ కొలెస్ట్రాల్ బిళ్లే కొంప ముంచిందటగా" అన్నారు. మా తెనాలి మెడికల్ షాపతను కూడా స్ట్రిప్పు చేతికిస్తూ "ఇంకా ఇదే వాడుతున్నారా మేడమ్?" అని అడిగాడు. నెలల తరబడి మూత్రంలో రక్తం పడుతుంటే మందులిచ్చి ఇంటికి పంపేసిన డాక్టరు సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఇప్పుడు ప్రాణం కాస్త కుదుటపడింది. ఆ లెక్కేదో నేనే తేల్చుకుంటాను.

నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ఉత్త రక్తం. ఆయన ఊళ్లో పేరున్న డాక్టరే. రాస్తున్న చీటీ మీంచి తల ఎత్తకుండా "ఆడవాళ్లకి ఇది మామూలేనమ్మా, నీళ్లు సరిగా తాగరు" అని యాంటీబయాటిక్ రాశారు. రక్తం ఆగింది. ఈ జబ్బులో రక్తం కనపడి, తనంతట తనే ఆగిపోయి, మళ్లీ కనపడుతుందని అప్పుడు నాకేం తెలుసు? మళ్లీ పడింది. మళ్లీ అదే కోర్సు. కల్చర్‌లో క్రిమి ఏదీ పెరగలేదన్న రిపోర్టు చూపిస్తే "ఎకోస్ప్రిన్ వాడుతున్నారుగా, రక్తం పల్చబడి ఉంటుంది" అన్నారు. స్కాన్ మాటే రాలేదు. రక్తం పల్చబడే మందు వాడేవాళ్లకైనా సరే, మూత్రంలో రక్తం పడితే అందరికీ చేసే పరీక్షలన్నీ చేయాల్సిందేనట. అరవై దాటిన మగాడు ఇదే మాట చెబితే ఆ రోజే స్కాన్‌కి పంపేవారు. ఆడదాన్ని కాబట్టి ఇన్ఫెక్షన్‌తో సరిపెట్టారు. ఈ మాట కోపంతో అంటున్నది కాదు. ఈ క్యాన్సర్ ఆడవాళ్లలో ఆలస్యంగా బయటపడడానికి ఇదో కారణమని గుంటూరు యూరాలజిస్టు గారే చెప్పారు. సరే, కోపం కూడా ఉందనుకోండి.

స్కాన్ తీయించింది మా చెల్లెలి కూతురు. హైదరాబాద్‌లో మందుల కంపెనీల కోసం డ్రగ్ సేఫ్టీ పని చేస్తుంది. "పెద్దమ్మా, ఇంకో యాంటీబయాటిక్ వేసుకున్నావంటే నేనే వచ్చి నిన్ను మోసుకుపోతా" అంది. స్కాన్‌లో గడ్డ కనిపించింది, సిస్టోస్కోపీలో, అంటే మూత్రాశయంలోకి దూర్బిన్ పెట్టి చూసే పరీక్షలో, ఖాయమైంది. గుంటూరులో దూర్బిన్‌తో లోపలికి వెళ్లి గీసేశారు. అక్కడి యూరాలజిస్టు మంచాయన. పొగ తాగే అలవాటుందా అని అడిగితే లేదన్నాను. ఈ జబ్బు వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి పొగాకే కారణమని, మిగతావాళ్లలో కొందరికి రంగుల ఫ్యాక్టరీల్లో పని కారణమని, చాలామందికి కారణం దొరకనే దొరకదని చెప్పారు. పక్కన కూర్చున్న మా వారు నేల చూపులు చూశారు. ముప్పై ఏళ్లు సిగరెట్లు కాల్చారు మరి. నేనేమీ అనలేదు.

ఆపరేషన్ అయిన రాత్రి నేను మర్చిపోలేనిది. మూడు దారుల గొట్టం పెట్టారు. ఒక దారిలో సెలైన్ లోపలికి పోతుంది, ఇంకో దారిలో బయటికి వస్తుంది. లేత గులాబీ రంగులో వస్తున్నది కాస్తా అర్ధరాత్రి దాటాక చిక్కటి ఎరుపయింది. తర్వాత రావడమే మానేసింది. పైనుంచి సెలైన్ మాత్రం పడుతూనే ఉంది. పొత్తికడుపు బిగిసిపోయింది. పాస్ పోయాలన్న బాధ ఎంతటిదంటే మంచం కమ్మీ పట్టుకుని అరిచాను. మా వారు చెప్పుల్లేకుండా కారిడార్‌లోకి పరిగెత్తారు. నర్సు పిల్లకి ఇరవై రెండేళ్లుంటాయేమో. రాగానే ముందు సెలైన్ ఆపేసింది. "రక్తం గడ్డలు అడ్డం పడ్డాయమ్మా, ఊపిరి తీసుకోండి, కదలకండి" అంటూ పెద్ద సిరంజితో సెలైన్ ఎక్కించి వెనక్కి లాగింది. మళ్లీ ఎక్కించి మళ్లీ లాగింది. స్టీలు ట్రేలో నల్లటి గడ్డలు పడ్డాయి. ఒక్కసారిగా దారి తెరుచుకుంది. ఆ పిల్ల పేరు అడిగే ఓపిక కూడా నాకు లేదు. కడుపు చల్లగా వెయ్యేళ్లు బతకాలి.

సరిగ్గా అప్పుడే వచ్చాడు డ్యూటీ డాక్టరు. కేస్ షీటు తిరగేస్తూ "స్టాటిన్ ఎన్నేళ్లుగా వాడుతున్నారు? దీంతో బ్లాడర్ క్యాన్సర్ కేసులు రిపోర్ట్ అయ్యాయి కదా" అన్నాడు. నాతోనో, కాగితంతోనో తెలీదు. జవాబు వినకుండానే ఫోన్ మోగిందని వెళ్లిపోయాడు. తెల్లారేదాకా నాకు కంటి మీద కునుకు లేదు. ప్రాణం కాపాడుతుందని ఇన్నేళ్లు నా చేత్తో నేను మింగింది ఇదా?

మా వారు ఆ మాట విన్నారు. తెల్లారేసరికి అందరికీ తెలిసిపోయింది. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, చూడటానికొచ్చి బల్ల మీదున్న స్ట్రిప్పు తీసి చెత్తబుట్టలో వేశారు. "ఇంగ్లీషు మందులన్నీ ఇంతేనమ్మా."

మా పెద్దమ్మాయి ఊరుకోలేదు. చెల్లెలి కూతుర్ని నేను అలాగే పిలుస్తాను. ఆ రాత్రే ఫోన్ చేసి పాఠం చెప్పింది. రిపోర్ట్ అయిందంటే, మందు వాడేవాళ్లకి ఏం జరిగినా రాసి పంపుతారు, దాని వల్లే జరిగిందని కాదు. ఆ కాగితాలు చూడటమే వాళ్ల ఉద్యోగం. కొలెస్ట్రాల్ మందు వాడేదీ ఎక్కువగా పెద్ద వయసులోనే, మూత్రాశయ క్యాన్సర్ వచ్చేదీ ఆ వయసులోనే. కళ్లజోడు ఉన్నవాళ్లలో తెల్లజుట్టు ఎక్కువ, అలాగని కళ్లజోడు వల్ల జుట్టు నెరిసిందంటామా? 2008లో ఎజెటిమైబ్, సిమ్వాస్టాటిన్ అనే రెండు కొలెస్ట్రాల్ మందులు కలిపి ఇచ్చిన ఒక పరీక్షలో క్యాన్సర్లు ఎక్కువ కనిపించి గగ్గోలైందట. అంతకంటే పెద్ద పరీక్షలు చూస్తే అది నిలబడలేదు. 2012లో 27 పరీక్షల్లోని సుమారు 1,75,000 మంది వివరాలు కలిపి చూసినప్పుడు కూడా స్టాటిన్ వాడినవాళ్లలో క్యాన్సర్ పెరగలేదు. గుండె డాక్టరుగారు ఇంత వివరంగా చెప్పలేదు. "స్టెంట్ ఉన్న మనిషి ఆ మందు మానేస్తే క్యాన్సర్ కంటే ముందు నా దగ్గరికే రావాల్సి వస్తుంది" అని మందలించి కొత్త స్ట్రిప్పు తెప్పించారు.

గడ్డ కండరంలోకి దిగలేదు, కానీ హై గ్రేడ్, అంటే తొందరగా ముదిరే రకం అన్నారు. అందుకని బీసీజీ. చిన్నపిల్లలకి భుజం మీద వేసే టీబీ టీకాయే, మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. 1976లో కెనడా డాక్టరు మొరాలెస్ మొదలుపెట్టిన వైద్యమట. వారానికొకటి చొప్పున ఆరు. ఎక్కించాక రెండు గంటలు బిగబట్టాలి. ఇంటికొచ్చాక పాస్‌కి వెళ్లిన ప్రతిసారీ బ్లీచింగ్ పోసి కాసేపు ఉంచి నీళ్లు కొట్టాలి. ఆ సాయంత్రాలు చలిజ్వరం, మంట. స్టాటిన్ వాడితే బీసీజీ సరిగా పని చేయదని 2006లో కొందరు డాక్టర్లు రాశారని ఎవరో మావారి చెవిన వేశారు. మళ్లీ టెన్షన్. తర్వాత చేసిన పరిశీలనల్లో అలాంటి తేడా తేలలేదని యూరాలజిస్టు నవ్వేశారు. ఆ రెండు గంటలూ నేను మంగళగిరి పానకాల స్వామిని తలుచుకుంటూ పడుకునేదాన్ని. మొదటి చెకప్‌లో శుభ్రంగా ఉందన్నాక వెళ్లి మొక్కు తీర్చుకున్నాను. డాక్టరు చెయ్యి ఆడించింది ఆయనే అని నా నమ్మకం. ఎవరూ వాదించొద్దు.

మొన్న ఆడపడుచు ఇంటికి వెళ్తే అన్నయ్యగారి షుగర్ బిళ్లల డబ్బా బల్ల మీద ఉంది. కళ్లజోడు పెట్టుకుని చదివాను. పియోగ్లిటజోన్. మూత్రాశయ క్యాన్సర్ హెచ్చరిక నిజంగా ఉన్న మందు అదీ. 2011లో ఫ్రాన్స్ ఆపేసింది. 2013 జూన్‌లో మన ప్రభుత్వమూ ఆపి, జూలై ఆఖరుకు హెచ్చరిక ముద్రించాలన్న షరతుతో మళ్లీ వదిలింది. "మానొద్దండీ, కానీ మీ డాక్టరుగారిని ఒకసారి అడగండి, మూత్రంలో ఎరుపు కనిపిస్తే దాచకండి" అన్నాను. "ఇది మంచి మందమ్మా, నాకు బాగా పడింది" అన్నారాయన. చెత్తబుట్ట ఆయన పక్కనే ఉంది.

ఇక తెనాలి డాక్టరు. మా వారు వద్దంటున్నా బయాప్సీ రిపోర్టు జిరాక్సు, ఆయన రాసిన యాంటీబయాటిక్ చీటీలు కలిపి కవర్లో పెట్టి కాంపౌండరు చేతికిచ్చి వచ్చాను. పైన ఒక్క వాక్యం రాశాను: "ఇంకో ఆడమనిషి ఇలాగే వస్తే స్కాన్‌కి పంపండి." ఇంతవరకు జవాబు లేదు. మూడు నెలలకోసారి సిస్టోస్కోపీ ఉంది కదా, ప్రతి రిపోర్టూ ఒక కాపీ ఆయనకి పంపుతూనే ఉంటాను.