మా పాత క్యాంపర్ వ్యాన్ షెడ్డు దిగింది

మిర్యాలగూడ షెడ్డు నుంచి ఇవాళ బండి, అంటే లోపలే పడుకుంటూ ఊళ్లు తిరిగే మా వ్యాన్, బయటికొచ్చింది. ఇంజన్ పని తొందరగానే అయింది, తంటా అంతా టాప్‌తోనే. కిటికీ పైన నీళ్లు కారకుండా పూసిన పాత సిలికాన్ గీకితే కింద రేకు తుప్పు పట్టి పొడిగా రాలింది. "అన్నా, మళ్లీ మందు పూస్తే లాభం లేదు, కోసి అతుకు వేద్దాం" అన్నాడు వెల్డింగ్ తమ్ముడు. నిజమే, పాత సిలికాన్ మీద కొత్తది సరిగ్గా పట్టదు.

లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసేసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టించా. పాతదాన్ని చార్జ్‌లో సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, ఇది 80 శాతం దాకా హాయిగా ఇస్తుంది. కానీ ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కి దీన్ని నేరుగా కలిపితే ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో కరెంటును అదుపు చేసి బ్యాటరీకి పంపే డీసీ-డీసీ చార్జర్ పెట్టాల్సిందే. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరెందుకో!

సోలార్‌కి మన నల్లగొండ ఎండ చాలు. ఆ ఎండకే ఏసీ కావాలంటోంది మా ఆవిడ. బ్యాటరీ లెక్క చెప్పినా వినట్లేదు. ఆదివారం సాగర్ వెళ్తున్నాం, ప్రస్తుతానికి ఫ్యాన్‌తోనే.