పాల లెక్క పక్కన చదువు లెక్క: నా టెట్, డీఎస్సీ అనుభవం

టీచర్ అర్హత పరీక్ష టెట్, టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీ రెండూ దాటి 2025 సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రం అందుకున్నాను. కృష్ణా జిల్లా, ఎస్జీటీ, అంటే ప్రైమరీ స్కూల్ టీచర్. ఇంటికొచ్చి దేవుడి గూట్లో పెడితే మా అత్తయ్య దాన్ని మళ్లీ తీసి నా పేరు నాలుగుసార్లు చదివించుకుంది. ఆ రోజు నుంచీ ఏ కోచింగ్, ఏ బుక్స్ అని ఒకటే ఫోన్లు. పుస్తకాలు మీ దగ్గర ఉన్నవే, సిలబస్ మీకు నాకన్నా బాగా తెలుసు. ఇంట్లో వంట చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ చదివే అక్కచెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది విజయవాడ సింగ్ నగర్. కింది పోర్షన్, రెండు గదులు. మా ఆయన ఆటోనగర్‌లో పని చేస్తారు, పాప అప్పుడు ఒకటో తరగతి. 2024 ఫిబ్రవరి, మార్చిలో జరిగిన టెట్‌కి నేను ఏడాదిగా చదువుతున్నాననే అనుకున్నాను. నోట్స్ విడి కాగితాల మీద రాసేదాన్ని. కొన్ని ఫ్రిజ్ మీద, కొన్ని మంచం కింద సంచిలో, కొన్ని పాప పాత పుస్తకాల మధ్య. పరీక్ష ముందు రోజు రాత్రి సైకాలజీలో పియాజే దశలు, కోల్‌బర్గ్ నైతిక వికాసం రాసుకున్న కాగితాలు కనపడలేదు. పదిన్నర నుంచి పన్నెండు దాటేదాకా వెతికాను. మా ఆయన కూడా లేచి అటక మీద చూశారు. ఎక్కడా లేవు. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మర్నాడు హాల్లో నాకు బాగా వచ్చిన లెక్కలు కూడా తప్పు పెట్టాను. పది రోజుల తర్వాత అత్తయ్య పప్పుల డబ్బాలు తీసి అర తుడుస్తుంటే, అడుగున పరిచిన న్యూస్ పేపర్ల కింద దొరికాయి. నేనే ఎప్పుడో సర్దుతూ కలిపేసి ఉంటాను. ఆ కాగితాలు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

జూన్‌లో రిజల్ట్ వచ్చింది. 150కి 84. క్వాలిఫై అయ్యావుగా అన్నారు అందరూ. కానీ డీఎస్సీలో టెట్‌కి 20 మార్కుల వెయిటేజీ, అంటే టెట్ మార్కుల్ని 20కి లెక్కగట్టి డీఎస్సీ మార్కులకి కలుపుతారు. 84 అంటే 11.2. అదే 120 తెచ్చుకుంటే 16. ఎస్జీటీ పేపర్లో ప్రశ్నకి అర మార్కు కదా, ఆ 4.8 మార్కులు పూడ్చాలంటే పక్కవాళ్లకన్నా పది ప్రశ్నలు ఎక్కువ రాయాలి. ఒకటి రెండు ప్రశ్నల తేడాతో పోస్టు పోయే పరీక్షలో పది ప్రశ్నలు!

అప్పుడే అసలు నా టైమ్ ఎటు పోతోందో చూడాలనిపించింది. మా వంటింటి గోడ మీద క్యాలెండర్లో పాల ప్యాకెట్లు, గ్యాస్ బండ మార్చిన రోజు రాసుకుంటాం. అదే గడిలో ఆ రోజు చదివిన టైమ్, చదివిన టాపిక్ రాయడం మొదలుపెట్టాను. రోజుకి ఆరు గంటలు చదువుతున్నాననుకునేదాన్ని. మొదటి వారం లెక్క తీస్తే సగటున రెండు గంటలు కూడా లేదు. మిగతాదంతా ఎవరో పిలిస్తే లేవడం, వచ్చి ఎక్కడ ఆపానో వెతుక్కోవడం, వీడియో కోసమని ఫోన్ తీసి ఇంకేదో చూడటం.

ఆ వారమే ఇంటి పనుల పద్ధతి మార్చాను. కూరగాయలు రాత్రే తరిగేదాన్ని. ఏ రోజు ఏ టిఫిన్, ఏ కూర అన్నది ఆదివారమే తేల్చేసేదాన్ని. పొద్దున్నే నిలబడి ఏం వండాలా అని ఆలోచించడం తప్పింది. ఎనిమిదిన్నరకల్లా మధ్యాహ్నం వంట కూడా అయిపోయేది. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి కుళాయి వచ్చే ఆరింటిదాకా లెక్కలు, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా మిగతావి. ఆ రెండున్నర గంటలు తలుపు దగ్గర అత్తయ్య కూర్చునేది. ఎవరొచ్చినా "అమ్మాయి చదువుకుంటోంది, ఒంటిగంట దాటాక రండమ్మా" అని పంపేసేది. ఆమె నోట ఆ మాట రావడానికి నేను రెండు రోజులు కూర్చుని వెయిటేజీ లెక్క మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఇంట్లోవాళ్లు అర్థం చేసుకోవట్లేదని చాలామంది అంటారు. మీరు ఒక్కసారైనా పేపర్ మీద రాసి చూపించారా?

సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు నీళ్లు ఇంట్లోకి వచ్చేశాయి. పాపని ఎత్తుకుని ఓనర్ గారి పైపోర్షన్‌కి వెళ్లాం. మా గదుల్లో ఛాతీ లోతు నీళ్లు. నీళ్లు తగ్గి మేం కిందికి వచ్చేసరికి ర్యాక్‌లో వరసగా పెట్టుకున్న నోట్స్ బురద ముద్ద. గోడకి పైన ఉన్న క్యాలెండర్ మాత్రం తడవలేదు. జూలై, ఆగస్టు గడుల్లో ఏ రోజు ఏ టాపిక్ చదివానో మొత్తం ఉంది. ఇల్లు కడిగిన మర్నాడే ఐదు నోట్‌బుక్కులు కొన్నాను, టెట్‌లో ఐదు భాగాలకి ఐదు. క్యాలెండర్ చూసుకుంటూ తేదీల వరసలో మళ్లీ రాశాను. రాస్తుంటే ఏది వచ్చో, ఏది రాదో తేలిపోయింది. అక్టోబరులో మళ్లీ రాసిన టెట్‌లో 123.

డీఎస్సీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2025 ఏప్రిల్ 20న నోటిఫికేషన్ వచ్చింది, 16,347 పోస్టులు, జూన్‌లో పరీక్ష. కొత్తది ఒక్కటీ మొదలుపెట్టలేదు, ఆ నోట్‌బుక్కులే తిప్పాను. జీకే మాత్రం రాత్రి తొమ్మిదింటికి, పాపకి కథ చెప్పి పడుకోబెట్టాక.

పిల్లని పట్టించుకోలేదని, పెళ్లిళ్లకి రాలేదని చుట్టాలు అన్నారు. ఆ ఏడాది రెండు పెళ్లిళ్లకి, ఒక గృహప్రవేశానికి వెళ్లని మాట నిజం. పాప హోమ్‌వర్క్ మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదు, అదీ క్యాలెండర్లోనే ఉంది. మగపిల్లాడు రూమ్ తీసుకుని చదివితే పట్టుదల అంటారు, కోడలు తలుపేసుకుని చదివితే పొగరు అంటారు. ఆ మాటలకి జవాబు చెబుతూ కూర్చుంటే పదిన్నర కాస్తా పన్నెండు అవుతుంది. టైమ్ అంటే టైమే. జ్వరం వచ్చినా అరగంట కూర్చోండి, గడి ఖాళీగా వదలకండి.

ఇంకొక్క పని ఇప్పుడే చేయండి. వరదలో నా నాలుగు, ఐదు తరగతుల స్టడీ సర్టిఫికెట్ పోయింది. సొంత జిల్లా అభ్యర్థిగా, అంటే లోకల్‌గా లెక్కలోకి రావాలంటే నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఉండాలి కదా. దానికోసం మా ఊరి స్కూలుకి మూడుసార్లు తిరిగాను. టెట్ మార్కుల మెమో, కుల ధ్రువీకరణ, డీఎడ్ (టీచర్ ట్రైనింగ్) మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఒకే ఫైల్లో, ప్లాస్టిక్ కవర్లో, అటక మీద పెట్టుకోండి. ఏదైనా తక్కువైతే ఆలస్యం చేయకుండా స్కూలుకి వెళ్లి అడగండి.