అవ్వ ఊరి బేకరీలో తప్పులు పట్టే హక్కు

విదేశంలో పెరుగుతున్న పిల్లల్ని సొంత ఊరికి తీసుకొచ్చినప్పుడు మనం వాళ్ల నెత్తిన పెట్టే బరువుల్లో పెద్దది మెచ్చుకోలు. ఏది పెట్టినా బాగుందనాలి. ఓళిగ బాగుందనాలి, రాగిసంగటి బాగుందనాలి, మే నెల ఎండకు కూడా మొహం చిట్లించకూడదు. చుట్టూ నలుగురు నిలబడి "నచ్చిందా?" అని అడుగుతుంటే పిల్లలు బుద్ధిగా తలూపుతారు. మర్యాదే, కాదనను. అయితే అది చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల మర్యాద. ఇంటి మనిషైతే పులుసులో ఉప్పు తక్కువైందని మొహం మీదే అంటాడు.

మా పిల్లలిద్దరికీ అనంతపురంలో అలా అనే చనువు దొరికింది బేకరీల దగ్గర. లేపాక్షి నంది దగ్గరో, అవ్వ చెప్పే కథల దగ్గరో పిల్లలకు ఊరితో బంధం కుదురుతుందని నేను లెక్కలు వేసుకున్నాను. వాళ్లు నా లెక్కల్ని పట్టించుకోలేదు.

మేము ఉండేది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. అక్కడ రొట్టె మీద అభిప్రాయం లేని మనిషి కనబడడు. ఆ దేశం 2014లో తన రొట్టెల సంప్రదాయాన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అక్కడ నమోదైన రొట్టె రకాలు 3,000కు పైమాటే. ఆదివారం దుకాణాలన్నీ మూతపడినా బేకరీలు మాత్రం పొద్దున కొన్ని గంటలు తెరిచి ఉంటాయి. మా ప్రాంతపు బ్రెట్‌సెల్‌కు (ముడి ఆకారంలో కాల్చే రొట్టెకు) చేతులు సన్నగా, కరకరలాడుతూ ఉండాలి. పొట్ట లావుగా, మెత్తగా ఉండాలి. ఆ పొట్ట మీద కత్తిగాటు ఉండాలి. పక్కనున్న బవేరియావాళ్లు గాటు పెట్టరు, మందం కూడా అంతటా దాదాపు ఒకేలా ఉంచుతారు. ఈ తేడా మీద మా చిన్నవాడు బడిలో పోట్లాడి వచ్చాడు. ఏ ఊరికి వెళ్లినా ముందు అక్కడి మంచి బేకరీ ఏదో కనుక్కోవడం మా ఇంటి అలవాటు. ఆ పని మా అమ్మాయిది, పెద్దదానిది. ఫోనులో చుక్కల రేటింగులు చూస్తుంది, ఫొటోలు పెద్దవి చేసి పొరలు లెక్కపెడుతుంది, తర్వాతే మమ్మల్ని నడిపిస్తుంది.

అనంతపురంలో ఆ పద్ధతి మొదటిరోజే బోల్తా పడింది. ఎక్కువ చుక్కలున్న చోటికి మమ్మల్ని పొద్దున్నే లాక్కెళ్లింది. కుర్రవాడొకడు నేల తుడుస్తున్నాడు. అద్దాల బీరువాలో నిన్నటి పఫ్‌లు నీరసంగా పడి ఉన్నాయి. జర్మనీలో బేకరీకి ప్రాణం పొద్దున్నే. మన దగ్గర పొద్దున్నంతా ఉగ్గాని, బజ్జీలదీ దోసెలదీ రాజ్యం. బేకరీ మేలుకునేది సాయంత్రం నాలుగు దాటాక. పిల్లలు బడుల నుంచీ ట్యూషన్ల నుంచీ బయటపడే వేళ, ఆఫీసులవాళ్లు టీకి దిగే వేళ ట్రేలు బయటికొస్తాయి. కాబట్టి అనంతపురంలో మంచి బేకరీ ఏది అని అడిగితే నేను దుకాణం పేరు చెప్పను. ఎన్ని గంటలకు వెళ్తున్నారని అడుగుతాను. గడియార స్తంభం చుట్టుపక్కలైనా, సప్తగిరి సర్కిల్ వైపైనా, కమలానగర్‌లోనైనా ఇదే మాట. "పఫ్ ఎప్పుడు వస్తుందన్నా?" అన్న ప్రశ్న మా పెద్దది రెండో సాయంత్రానికే నేర్చుకుంది. "ఇంకో అరగంట ఆగు పాపా, వేడివేడిగా ఇస్తాను" అన్న జవాబు ఏ రేటింగులోనూ దొరకదు.

పఫ్ మీద మా ఇంట్లో పెద్ద విచారణే నడిచింది. పెద్దదానికి అది క్రోసాంట్‌కు చుట్టమని చూడగానే తెలిసిపోయింది: పిండి, కొవ్వు, మడత, మళ్లీ మడత. చల్లారిన పఫ్ ఒకటి కొరికి, అంగిలికి ఏదో జిడ్డు పొర అంటుకుందని చెప్పింది. నిజమే, అంటుకుంటుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. అనంతపురం వేసవిలో 40 దాటుతుంది. ఏసీ లేని వంటగదిలో వెన్న పెట్టి పిండి మడిస్తే పొరలు ఏర్పడకముందే అంతా కలిసి ముద్దయిపోతుంది. అందుకే ఇక్కడి మాస్టర్లు ఎక్కువ వేడికి గానీ కరగని వనస్పతి, మార్జరిన్ వాడతారు. ఆ వేడికి నిలబడే కొవ్వు మన నోటి వేడికి మాత్రం ఎలా లొంగుతుంది? అదే అంగిలికి అంటుకునే పొర. వేడిగా తింటే ఆ పొర తెలియదు, మైదా పెళపెళ విరుగుతుంది, లోపలి ఉల్లిపాయ కారం ముందు నోటికి తగులుతుంది. చల్లారిన పఫ్‌ను వెనకేసుకొచ్చే ఓపిక నాకూ లేదు. పిల్ల ఆ లోపం చెప్పినప్పుడు మా తమ్ముడు కాస్త నొచ్చుకున్నాడు, "మన ఊరి సరుకును అలా అంటావా" అన్నాడు. కారణమంతా విన్నాక వాడే ఆమెను సాయంత్రాలు బండి మీద తీసుకెళ్లి, వేడి పఫ్ ఎక్కడ దొరుకుతుందో చూపించడం మొదలుపెట్టాడు.

మా అవ్వ సంగతి వేరు. పిల్లలకు ముత్తవ్వే అయినా వాళ్లూ అవ్వనే అంటారు. ఆమె గుడ్డు తగిలిన గిన్నె కూడా ముట్టదు. అలాంటి మనిషి కేకు తినగలుగుతోందంటే ఆ పుణ్యం అయ్యంగార్ బేకరీలది. కర్ణాటకలోని హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన అయ్యంగార్లు 19వ శతాబ్దం చివర బెంగళూరు చిక్కపేటలో గుడ్డు లేని రొట్టెలు, కేకుల వ్యాపారం మొదలుపెట్టారు. ఆ తీరు బేకరీలు తర్వాత కన్నడ దేశమంతా పాకాయి, సరిహద్దు దాటి మన వైపూ వచ్చాయి. బాగేపల్లి దాటితే రాష్ట్రం మారుతుంది గానీ బేకరీ బీరువా మారదు. ఖారా బన్ను, ఆలూ బన్ను, వెన్న బిస్కెట్లు, నిప్పట్లు, హనీ కేకు, దిల్‌పసంద్ అన్నీ అవే. సీసాలో పసుపు, కరివేపాకు అంటిన వేరుశనగ పప్పులుంటాయి, బెంగళూరులో వాటిని కాంగ్రెస్ కడలే అంటారు. పప్పు మాత్రం మా నేలలో పండినదే అయి ఉండాలని నా పక్షపాతం.

దిల్‌పసంద్ అంటే రెండు రేకుల మధ్య తీపి కొబ్బరి, టూటీ ఫ్రూటీ పెట్టి గుండ్రంగా కాల్చి, ముక్కోణాలుగా కోసేది. ఆ టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్కలకు పాకం పట్టి రంగు వేసినదని చెప్పగానే చిన్నవాడు ముక్కలన్నీ ఏరి పళ్లెం అంచున పేర్చాడు. హనీ కేకు స్పాంజికి చిల్లులు పొడిచి పాకం పోస్తారు, పైన జామ్ రాసి ఎండుకొబ్బరి చల్లుతారు. ఇందులో తేనె ఎంత వేశారని వాడు గల్లాపెట్టె దగ్గరి పెద్దాయనను నిలదీశాడు. ఆయన నవ్వి, "పేరుకు సరిపడా వేశాం నాయనా" అన్నాడు. అవ్వ మాత్రం ఆ కేకు మీద ఈగ వాలనివ్వదు. వీడికి జామ్ నచ్చలేదు. ఎనభై దాటిన మనిషీ తొమ్మిదేళ్లవాడూ జామ్ మీద వాదించుకుంటుంటే మధ్యలో దుబాసీగా నేను అవసరం లేకపోవడం చూసి వంటింట్లోకి వెళ్లిపోయాను. పండగ పిండివంటల మీద వీడికి నోరు పెగిలేది కాదు. అవి ఎలా ఉండాలో వాడికి తెలియదు, తెలియని దాని మీద ఏమంటాడు? కేకు, రొట్టె అయితే వాడు పుట్టినప్పటి నుంచీ తింటున్నవే. ఇక్కడ వాడి దగ్గరా ఒక కొలబద్ద ఉంది.

బ్రెడ్డు విషయంలో మాత్రం మా తరాల మధ్య అగాధం ఉంది. నా చిన్నప్పుడు ఇంటికి బ్రెడ్డు ప్యాకెట్ వచ్చిందంటే ఎవరికో జ్వరం అన్నమాట. పాలల్లో నానబెట్టి తినిపించేవాళ్లు. అందుకే మేము రోజూ రొట్టె తింటామంటే అవ్వ నా మొహంలోకి ఆందోళనగా చూస్తుంది. జర్మనీలో కడుపు బాగాలేని పిల్లలకు రస్కులు పెడతారని పెద్దది చెప్పినప్పుడు ఆమె మొదటిసారి ఆ దేశాన్ని కాస్త నమ్మింది. "వాళ్లకూ తెలుసన్నమాట" అంది.

కూల్ కేకుల గురించి ఎక్కువ చెప్పను. మనం ఊళ్లో దిగగానే చుట్టాలు ప్రేమతో తెస్తారు, మీద చిచ్చుబుడ్డిలాంటి కొవ్వొత్తి వెలుగుతుంది, క్రీమ్ పిల్లల మొహాలకు పూస్తారు. ఆ క్రీమ్ తినడానికి కంటే పూయడానికే బాగుంటుంది. ఇది పిల్లల అభిప్రాయం, నాదీ అదే.

కొత్త ఊళ్లో బేకరీ వెతుక్కునే తల్లిదండ్రులకు నాకు తోచిన రెండు గుర్తులు చెబుతాను. ఒకటి రస్కు. మిగిలిన రొట్టెను కోసి రెండోసారి కాల్చి రస్కు చేస్తారు కాబట్టి, రొట్టె బాగున్నచోటే రస్కు బాగుంటుంది. విరిస్తే టప్పున విరగాలి, పాతనూనె వాసన రాకూడదు. రెండోది ఖారా బన్ను. తీపి లోపాల్ని కప్పేస్తుంది, కారం కప్పదు. పచ్చిమిర్చి, ఉల్లి, కరివేపాకు, కొత్తిమీర పిండిలో కలిసిపోయి, నొక్కితే బన్ను మళ్లీ పైకి లేవాలి. ఆ రెండూ బాగుంటే మిగతావి ధైర్యంగా కొనవచ్చు. గుడ్డు పఫ్ కావాలంటే వేరే బేకరీకి వెళ్లాలి; అయ్యంగార్ అని బోర్డున్న చోట అడిగితే పనివాడు మనల్ని చూసే చూపు బాగుండదు.

నాదొక ఫిర్యాదు కూడా ఉంది. చీనీ (బత్తాయి) తోటలకు పేరున్న జిల్లా ఇది. చీనీ తొక్క తురిమి వేసిన కేకు ముక్క మాత్రం నేను తిరిగిన ఏ బీరువాలోనూ కనబడలేదు. పైనాపిల్ ఎసెన్సు వేసినవి ఎన్నైనా ఉన్నాయి. ఈ మాట పెద్దది మేము రోజూ వెళ్లే బేకరీ మాస్టర్‌తో అనేసింది, తెలుగులోనే, వ్యాకరణం అటూ ఇటూ అయినా. ఆయన కొట్టిపారేయలేదు. తురుము చేదెక్కుతుందని, తొక్క కింద తెల్లటి భాగం తగలకుండా తీయాలని, ఆ పనికి మనిషి దొరకడని వివరించాడు. తాను నిమ్మతొక్కతో ఎలా చేస్తుందో ఈమె చేతులు తిప్పుతూ చెప్పింది. ఆ తర్వాత ఆమెను వెనక బట్టీ దాకా రానిచ్చారు. తిరిగొచ్చేసరికి జుట్టు నిండా మైదా.

తిరుగు ప్రయాణంలో పెట్టెలో ఆవకాయ పక్కన వెన్న బిస్కెట్లు, రస్కులు సర్దాను. ఖారా బన్నులు బెంగళూరు విమానాశ్రయం చేరకముందే అయిపోయాయి. ఇప్పుడు ఆదివారాలు పెద్దది వాటిని ఇంట్లోనే చేస్తోంది, మిర్చి తగ్గించి. వీడియో కాల్‌లో రంగు చూసి అవ్వ పచ్చిగా ఉందంటుంది. కాదు, బాగా కాలిందని ఇది తిప్పి చూపిస్తుంది. మొన్న అవ్వ మిర్చి ఎన్ని వేశావని అడిగింది, లెక్క విని ఫోను మా తమ్ముడికి ఇచ్చేసింది.